గునపం తగలకూడని ఊట

గోపన్‌పల్లిలో మా అపార్ట్‌మెంటు గేటు దగ్గర కాపలా ఉండే అతనిది హిమాలయాల్లో ఒక పల్లె. ఏళ్ల తరబడి ఇక్కడే ఉండటంతో ఇక్కడి తెలుగు నోటికి పట్టేసింది. భార్య, కూతురు మాత్రం ఆ పల్లెలోనే. పోయిన వేసవిలో ఒక పొద్దున నన్ను ఆపాడు.

"సార్, మా ఊళ్ల ఊట సన్నబడ్డది. బిందె నిండాలంటే గంట నిలబడాలె. కొండ మీద మంచు నిలుస్తలేదు. వాన ఒక్కపారి దంచి పోతది."

ఊరు మొత్తానికి ఆ ఊటే ఆధారం. అది ఆగితే ఇల్లు వదలాలి. భార్యకు అది ఇష్టం లేదు.

"ఊట నోరు తవ్వి వెడల్పు చేయొచ్చు కదా?" అన్నాను.

"ఇనుము తగలొద్దు సార్. దేవతకు కోపమొస్తది. తాతల కాలం నుంచి అదే మాట."

నాకు మండింది. దేవుడి పేరుతో ఎవరు గీత గీసినా చెరిపేదాకా ఊరుకోలేను. అలాంటి వాదాల్లోనే పెరిగాను. గేటు దగ్గరే పావుగంట వాయించాను. రాయికీ ఇనుముకీ మధ్య దేవతకేం పని? దాహం పెద్దదా, భయం పెద్దదా? అతను తల గోక్కుని, "మీరు చదువుకున్నోళ్లు" అన్నాడు. ఆ సాయంత్రమే ఊళ్లో ఉన్న బావమరిదికి ఫోన్ చేసి తవ్వమన్నాడు.

తవ్వారు. నీళ్లు రెట్టింపు వచ్చాయి. అతను మిఠాయి తెచ్చి పెట్టాడు. తిన్నది చాలక, ఖాజాగూడలో ఒక సభలో ఆ ఊట కథ చెప్పి చప్పట్లు కూడా కొట్టించుకున్నాను.

మూడు వారాలకు ఊట పూర్తిగా ఎండింది.

భూగర్భశాస్త్రం బోధించే ఒకావిడను అడిగాను. "మంచు తగ్గి, వాన ఇంకకుండా జారిపోతుంటే ఊట ఎలాగూ చిక్కిపోతుందండీ. కానీ నోటి దగ్గర రాయి పగిలినా నీరు వేరే దారి పట్టొచ్చు. ఇందులో ఏది ఎంతో, చూడకుండా చెప్పలేను" అన్నారు. మరి ఆ పాత కట్టుబాటు తెలివా, మూఢత్వమా? తప్పుడు కారణం చెప్పి సరైన పని చేయించే మాటను ఏమనాలి?

కాపలా అతను మాత్రం నన్ను తప్పుపట్టలేదు. "జర మీరే మా ఇంటిదానికి చెప్పండి సార్. దేవత కోపమా, కాదా?"

"కాదు. లోకం వేడెక్కుతోంది, అందుకని..."

"దేవత కోపమైతే మేకతోని పోతది సార్. గీ వేడి దేంతోని పోతది?"

ఫోన్ చేతిలో పెట్టాడు. అవతల ఆమె ఎదురుచూస్తోంది. బలిచ్చి ఆగమనాలా, సామాను సర్దమనాలా? వచ్చీరాని హిందీలో, "దేవత కాదమ్మా. నా సలహా వల్లేనేమో. నాకు తెలియదు" అన్నాను.

ఆమె "అయితే మేకను అమ్మేస్తాం" అని ఫోన్ పెట్టేసింది.

నెల తిరక్కుండా కూతురితో వచ్చి దిగింది. గేటు దగ్గర అతను నన్ను చూపించి ఏదో చెప్పాడు. ఆమె నన్ను తేరిపార చూసి, తన భాషలో ఏదో అడిగింది. అతను నవ్వాడు.

"ఏమంటోంది?"

"ఏం లేదు సార్."

ఆ ప్రశ్న ఏమిటో అతను ఇప్పటికీ చెప్పలేదు. అడిగే హక్కు నాకుందో లేదో తేల్చుకోలేక నేనూ మళ్లీ అడగలేదు.