నీళ్లను పలకరించే మేడం

నా పరిశోధనకు గైడుగా ఉన్న మేడం నీళ్లను పలకరించేవారు. సీసాను ఎండకెత్తి, ఒక కన్ను మూసి, "ఏం సంగతి?" అని అడిగేవారు. ఆ తర్వాతే నన్ను పరీక్షలు మొదలుపెట్టనిచ్చేవారు.

గద్వాలలో పట్టుకు రంగులద్దే ఒక ఇంటి పెరట్లో మేడం ఓ తొట్టి కట్టించారు. మురుగుకాల్వలో కలిసే ఎర్రటి నీళ్లను పల్లిపొట్టు కాల్చిన బొగ్గుతో వడకట్టాలి. రెండుసార్లు గులాబీ నీళ్లే వచ్చాయి. మూడోసారీ అంతే అయితే తొట్టి పీకేస్తామన్నారు ఇంటివాళ్లు.

మూడోసారి నీళ్లు తేటగా దిగాయి. నేను పరీక్ష ఫలితాల కాగితం చాపితే, రంగులద్దే అవ్వ దాన్ని ముట్టనైనా లేదు.

"గీ కాయితాలు నాకు తెల్వయి బిడ్డా. తెల్లపట్టు ముంచి చూస్త."

దారం ముంచి, పిండి, ఎండకెత్తింది. ముంచకముందు ఎంత తెలుపో ఇప్పుడూ అంతే తెలుపు!

మేడం చప్పట్లు కొడుతూ గిర్రున తిరిగారు. అదే ఊపులో, ఇంకా వడకట్టని రంగునీళ్ల గుంటలో మోకాళ్లదాకా దిగబడ్డారు. మేం పరుగెత్తి పైకి లాగాం. గట్టుమీద కూర్చుని, పారాణి పూసినట్టున్న కాలిని ఎండకెత్తి, ఒక కన్ను మూశారు.

"ఏం సంగతి?"

అవ్వ నవ్వలేక కడుపు పట్టుకుంది.

"నీ బొగ్గుకు నీళ్లల్లకెల్లి పోయింది గని, నీ కాళ్లకెల్లి పోదు బిడ్డా. అది మేం అద్దిన రంగు!"