మూడో రకం చార్జి

భువనేశ్వరి వ్యాసర్పాడి స్కూల్లో ప్లస్‌టూ పిల్లలకు ఫిజిక్స్ చెప్తుంది. జూన్‌లో మొదటి పాఠమే విద్యుదావేశం, అంటే చార్జి. "చార్జి ఉన్న వస్తువులు ఒకదాన్నొకటి లాగుతాయి, లేదా తోస్తాయి" అని బోర్డు మీద రాస్తుండగా మధుమిత అనే అమ్మాయి లేచింది.

"మిస్, అది ఏం చేస్తాదో చెప్పినారు. అదేందో చెప్పలేదే?"

"పరీక్షకు ఇది చాలు, కూర్చో."

మధుమిత కూర్చుంది. భువనేశ్వరికే ఆ తర్వాత ఒకచోట కాలు నిలవలేదు. స్టాఫ్‌రూమ్‌లో ఉన్న పుస్తకాలన్నీ తిరగేసింది. అన్నీ తను చెప్పిందే చెప్పాయి. ఎవరి మీదో తెలియని కోపం వచ్చింది.

సముద్రం పక్కనే రాయపురంలో ఇల్లు చేరీ చేరగానే రెండు సెల్లోటేపు ముక్కలు భోజనాల బల్లకు అంటించి చర్రున పీకింది. దగ్గరికి తెస్తే తోసుకోవాలి. సముద్రపు తేమకు నీరసంగా వేలాడాయి. మళ్లీ అంటించింది, మళ్లీ పీకింది.

"బల్ల పాలిష్ పోతా ఉండాది" అన్నాడు సంగతంతా విన్న భర్త దామోదరం. "ఆ పాపకు జవాబు ఈడ దొరకతాదా?"

"దొరకదు. చూపించేదానికన్నా ఏదో ఒకటి కావాలి గదా!"

మర్నాడు పిల్లల్ని ఏసీ ఉన్న కంప్యూటర్ గదికి తోలుకుపోయింది. ఆ పొడిగాలిలో బల్ల మీంచి పీకిన టేపులు ఎగిరి దూరం జరిగాయి. ఒకదాని మీద ఒకటి అంటించి విడదీస్తే మాత్రం గభాలున అతుక్కున్నాయి.

"తోసుకుంటే ఒకే రకం, లాక్కుంటే వేరు రకాలు" అంది.

మధుమిత వేలు పెట్టి చూసింది. "మిస్, నా వేలు రెండిటినీ లాగతా ఉంది! ఇది మూడో రకమా?"

భువనేశ్వరి ఆ వేలికేసి వంగి చూసింది. "ఒకే రకం తోసుకోవాలి గదా. నీ రెండు వేళ్లూ దగ్గర పెట్టు."

"తోసుకోలేదు మిస్."

"అయితే మూడో రకం కాదు. నీ వేలిలో ప్లస్సూ మైనస్సూ సమంగా ఉన్నాయి. టేపు దగ్గరికొస్తే దానికి ఎదురు రకం కొంచెం టేపు వైపు జరుగుతుంది. అందుకే లాగుతుంది."

"మరి నిన్న అడిగింది?"

"నాకూ తెలీదు మధూ. చార్జి లోపల ఇంకేముందో ఎవరూ చూపించలేదు. చేసే పనిని బట్టే దాన్ని గుర్తుపడతాం. మూడో రకం మాత్రం ఇంతవరకు ఎవరికీ దొరకలేదు."

మధుమిత తల ఊపలేదు. మూడో రకాన్ని వెతుకుతూ టేపును కిటికీ అద్దానికి, స్కేలుకు, పక్కపిల్ల జడకు పెట్టి చూస్తూనే ఉంది. బెల్లు కొట్టారు. తన క్లాసు కోసం కంప్యూటర్ సార్ శక్తివేల్ వచ్చి తలుపు తట్టాడు.

"ఇంకొక్క నిమిషం సార్" అంటూ భువనేశ్వరి తలుపుకు అడ్డంగా నిలబడింది.