అన్ని ఫోన్లలోనూ ఒకటి నొక్కాను

కొన్నేళ్లుగా ఒక విషయం నా గొంతులో చేపముల్లులా ఉంది. మింగలేను, కక్కలేను. ఇప్పుడు మీకు చెబుతున్నాను. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు, అందుకే చెప్పగలుగుతున్నాను. నా పేరు రాయను. ఆమె పేరు మార్చి సత్తెమ్మ అంటున్నాను. ఒక్కటి మాత్రం ముందే అడుగుతున్నాను. చదివాక "పోనీలే, చిన్న ఉద్యోగస్తురాలు, ఏం చేయగలదు" అని జాలిపడకండి. ఏం చేస్తున్నానో తెలిసే చేశాను.

ఇబ్రహీంపట్నం దాటాక సాగర్ రోడ్డు నుంచి కాస్త లోపలికి ఒక కూరగాయల ప్యాకింగ్ షెడ్డు ఉండేది. కందుకూరు, మహేశ్వరం రైతుల దగ్గర నుంచి బెండకాయ, పచ్చిమిర్చి వచ్చేవి. ఆడవాళ్లు వాటిని ఏరి, తూచి, డబ్బాల్లో సర్దేవారు. అవి నగరంలోని పెద్ద దుకాణాలకు, కొన్ని విదేశాలకు వెళ్లేవి. నేనూ అక్కడ బెండకాయలు ఏరినదాన్నే. పక్కన నిలబెట్టుకుని పని నేర్పింది సత్తెమ్మ. మా బస్తీ మనిషి, నాకంటే పెద్దది. నన్ను చెల్లె అని పిలిచేది.

డిగ్రీ పాసయ్యాక నన్ను సూపర్‌వైజర్‌ని చేశారు. నిన్నటిదాకా పక్కన నిలబడ్డవాళ్లు మెల్లగా మేడం అనడం మొదలుపెట్టారు. సత్తెమ్మ మాత్రం అందరి ముందూ చెల్లె అనే పిలిచేది. అది నాకు కడుపులో మండేది. ఇంత చిన్నదానికా అంటారా? అవును, ఇంత చిన్నదానికే. నా బుద్ధి అంతే ఉండేది.

షెడ్డులో కూలీ ఆడవాళ్లకు మరుగుదొడ్డి లేదు. ఆఫీసు గది వెనక ఒకటి ఉండేది, స్టాఫుకూ, వచ్చిపోయే సార్లకూ. దాని తాళం చెవి నా దగ్గరే ఉండేది. మిగిలినవాళ్లు వెనకాల తుమ్మచెట్ల దాకా పోవాలి. అవతల ప్లాట్ల వెంచర్ పడ్డాక అక్కడా ఎవరో ఒకరు తిరుగుతూనే ఉండేవారు. అందుకని పొద్దున షెడ్డులోకి వచ్చింది మొదలు సాయంత్రం ఇంటికి పోయేదాకా వాళ్లు నీళ్లు తాగడం మానేశారు. ఎండాకాలంలో, ఆ రేకుల కింద. నేనూ ఒకప్పుడు అలాగే నాలుక పిడచకట్టుకుపోయి పనిచేసినదాన్నే. నాకు తెలియదనడానికి దారి లేదు.

మా సరుకు కొనే కంపెనీ ప్రతి సీజన్‌కూ షెడ్లకు మార్కులు వేసేది. నీళ్లు ఎంత వాడారు, ఎంత సరుకు పారబోశారు, ప్లాస్టిక్ తగ్గించారా, కూలీలను మనుషుల్లా చూశారా. సార్లు ఎదురుగా నిలబడి అడిగితే ఎవరూ నిజం చెప్పరు గనక, ఈ చివరిదానికి కూలీల ఫోన్లకే రికార్డు చేసిన గొంతుతో కాల్ వచ్చేది. అవునంటే ఒకటి నొక్కాలి, కాదంటే రెండు. మార్కులు తగ్గిన షెడ్డులో ఏం లేదో చూసి, అది కంపెనీయే కట్టించేది. ఆలోచన మంచిదే. ఇప్పటికీ మంచిదే అంటాను. కానీ మా షెడ్డులో పని మొదలయ్యే ముందు అందరూ ఫోన్లు ఒక ప్లాస్టిక్ ట్రేలో వేసి నా బల్ల మీద పెట్టాలి. దొంగ చేతికి తాళాలు ఇచ్చినట్టయింది.

కాల్స్ వచ్చిన రోజు పొద్దున కంపెనీ సార్లు షెడ్డు చూడటానికి వచ్చారు. వాళ్లకు తెలుగు రాదు. నేను ఇస్త్రీ చీర కట్టుకుని, వచ్చీరాని ఇంగ్లీషులో అన్నీ చూపిస్తున్నాను. సత్తెమ్మ తన బల్ల దగ్గర నుంచి లేచి వచ్చింది. "చెల్లె, జర ఆ తాళం చెవి ఇయ్యి. ఆగుతలేదు" అంది. ఒక సారు ఏమంటోందని అడిగాడు. తలనొప్పట, మాత్ర అడుగుతోంది అని చెప్పాను. ఆయన జాలిగా తలూపి ముందుకు నడిచాడు. నేను సత్తెమ్మ వైపు చూసిన చూపు నాకింకా గుర్తుంది. ఆమె వెనక్కి పోయి బెండకాయలు ఏరుకుంది.

మధ్యాహ్నం ట్రేలో ఫోన్లు మోగడం మొదలైంది. ఒకటి ఆగితే ఇంకొకటి. బయట లారీ ఎదురుచూస్తోంది. మేనేజరు వాకిట్లో నుంచే అన్నాడు, ఇప్పుడు ఫోన్లు పంచితే లోడు ఆగుతది, ఏదో ఒకటి చెయ్యమని. అంతే అన్నాడు. ఒకటి నొక్కమని అనలేదు. ఫోన్లు మోగి మోగి ఆగిపోయేదాకా ఊరుకోవచ్చు. ఒక్కొక్కరినీ పిలవచ్చు. నేను ఫోను ఎత్తాను. అన్ని ప్రశ్నలకూ ఒకటి నొక్కాను. తర్వాత ఇంకో ఫోను. ఇంకోటి.

సత్తెమ్మ ఫోను నాకు తెలుసు, వెనక మూత ఊడిపోకుండా రబ్బరు బ్యాండు వేసి ఉండేది. "మీరు పనిచేసే చోట మీరు వాడుకోవడానికి మరుగుదొడ్డి ఉందా?" అని అడిగింది ఆ గొంతు. అప్పటిదాకా ఆగని వేలు అక్కడ ఆగింది. ఈ ఒక్క ఫోనులో రెండు నొక్కితే ఎవరికీ తెలియదు. నిజం ఒక్కటైనా పోతుంది. ఇదంతా నాకు ఆ క్షణంలో తోచింది, తర్వాత తోచింది కాదు. అప్పుడే పొద్దున సార్ల ముందు పిలిచిన ఆ "చెల్లె" గుర్తొచ్చింది. ఒకటి నొక్కాను.

మార్కులు తగ్గితే ఉద్యోగం పోతుందన్న భయంతో నొక్కానని చాలా కాలం నాకు నేను చెప్పుకున్నాను. మిగతా ఫోన్ల సంగతి అదేనేమో. ఆమె ఫోనులో మాత్రం కసితో నొక్కాను. ఈ వాక్యం రాయడానికే ఇంత దూరం వచ్చాను.

సాయంత్రం ఫోన్లు తీసుకునేటప్పుడు ఆమె తెర వైపు చూసి ఆగింది.

"నా ఫోన్‌కు ఏదో కాల్ వచ్చినట్టుంది చెల్లె. ఎత్తినట్టు చూపిస్తంది. ఎవరెత్తిండ్రు?"

"నేనే ఎత్తిన. కంపెనీ కాల్."

"ఏం అడిగిండ్రు?"

"అన్నీ మంచిగున్నయా అని."

"నువ్వేం చెప్పినవ్?"

"మంచిగున్నయనే చెప్పిన."

"నా నోరు నీ దగ్గర కుదువ పెట్టిన్నా? నన్ను పిలిస్తే నేను చెప్పకపోదునా?"

"గింతదానికి లొల్లి ఎందుకక్కా."

ఆమె ఫోను కొంగున చుట్టుకుంది. "మంచిది మేడం" అని వెళ్లిపోయింది. నేను కోరుకున్న పిలుపు అట్లా దొరికింది.

మా షెడ్డుకు ఆ సీజన్ మొదటి స్థానం వచ్చింది. షీల్డు ఇచ్చారు, మిఠాయిలు పంచారు. సత్తెమ్మ తన మిఠాయి బల్ల మీదే వదిలేసింది. మరుగుదొడ్లు, నీళ్ల ఫిల్టరు మహేశ్వరం వైపున్న ఇంకో షెడ్డులో కట్టారు. అక్కడివాళ్లు రెండు నొక్కారు కాబట్టి. మాకు అన్నీ ఉన్నాయని మేమే చెప్పాం గదా.

ఆ ఎండాకాలమంతా సత్తెమ్మ నీళ్లు తాగకుండానే పనిచేసింది. ఒకసారి జ్వరం, ఒకసారి మూత్రంలో మంట. మెడికల్ షాపు మాత్రలు మింగి మళ్లీ వచ్చేది. చివరికి బల్ల దగ్గరే కూలబడితే పట్నం దవాఖానకు తీసుకుపోయారు. ఒక కిడ్నీ తీసేశారు. నీళ్లు తాగకపోవడం వల్లేనా? డాక్టరు గట్టిగా అనలేదట, ఎన్నో కారణాలు ఉంటాయన్నాడట. ఆ "ఎన్నో కారణాలు" వెనకే నేను ఇన్నేళ్లు దాక్కున్నాను. అందులో నేనొక కారణం కానని ఏ డాక్టరూ చెప్పలేదు, నేనూ వెళ్లి అడగలేదు.

ఆ షీల్డు చూసి కంపెనీయే నన్ను ఉద్యోగంలోకి తీసుకుంది. నవ్వొస్తోందా? ఇప్పుడు షెడ్లు తిరిగి మార్కులు చూసేది నేనే. కాల్స్ వచ్చే రోజు ఫోన్లు ఎవరివి వాళ్లకు ఇచ్చేయండని సూపర్‌వైజర్లకు చెబుతాను. ఎవరైనా ఫోన్ల మాట ఎత్తితే గుమ్మడికాయల దొంగలా భుజాలు తడుముకుంటాను. ఈ మధ్య ఒక షెడ్డులో కొత్త సూపర్‌వైజర్, చిన్న పిల్ల, నాకు టీ ఇస్తూ నవ్వింది. "ఫోన్లన్నీ నేనే చూసుకుంట మేడం, మీరు ఫికర్ చెయ్యకుండ్రి" అంది. ఆ పిల్లను అందరి ముందూ నోటికొచ్చినట్టు తిట్టాను. ఆ షెడ్డు మార్కులు కొట్టేయించి కాల్స్ మళ్లీ చేయించాను. ఆ పిల్ల ఏడ్చింది. ఆ తిట్లు ఎవరికి చెందాలో నాకు తెలుసు. మరుసటి ఆదివారం, ఎప్పుడో వదిలేసి వచ్చిన మా బస్తీకి, సత్తెమ్మ ఇంటికి వెళ్లాను.

ఆమె గడప లోపల కూర్చుని ఉంది. పక్కనే నీళ్ల సీసా, ఇప్పుడు దాన్ని దగ్గర నుంచి కదలనివ్వదట. మా వైపు ఇంటికి ఎవరొచ్చినా, పగవాడొచ్చినా సరే, ముందు చెంబెడు నీళ్లిస్తారు. ఆమె ఇవ్వలేదు. కూర్చోమని కూడా అనలేదు. నేను నిలబడే అంతా చెప్పాను. తలనొప్పి మాత్ర అని చెప్పిన అబద్ధం, ఆ ప్రశ్న దగ్గర ఆగిన వేలు, ఎందుకు ఒకటి నొక్కానో, ఎవరి పిలుపు నాకు నామోషీ అయిందో, మనకు కట్టవలసినవి ఎక్కడికి పోయాయో.  ఆమె మొహం కదల్లేదు.

నేను ఆపాక ఆమె సీసా మూత తీసి, నా వైపే చూస్తూ నిదానంగా తాగింది. మూత బిగించింది.

"చెప్పినవ్ గద మేడం. ఇగ పో."

వచ్చేశాను. ఎండలో బస్టాండు దాకా నడిచాను. నోరు ఎండిపోయింది, అయినా దారిలో ఎక్కడా ఆగలేదు. ఇంటికి వచ్చి కడుపునిండా నీళ్లు తాగాను. తాగకుండా ఉంటే ఏదో తీరిపోతుందనుకునే నాటకం నాకు చేతకాదు. ఇన్నేళ్లలో మొదటిసారి గొంతులో ఏదీ అడ్డం పడలేదు. అందుకు కూడా సిగ్గుగానే ఉంది.