శేషయ్య ఇచ్చిన కొసరు

బత్తలపల్లెలో బస్సు ఆగే చోటికి పది బారల దూరంలో శేషయ్య మందులంగడి ఉండేది. మనుషుల మందులు కావు, పురుగు మందులు. గడపలో నిలబడితేనే ముక్కు మండేది. ఆ ఘాటులోనే పదహైదేండ్లు కూర్చున్నాడాయన, నల్లకోటు లేని ప్లీడరు మాదిరి, నెత్తిమీద అద్దంలో బిగించిన లైసెన్సుతో.

తాతల నాటి నుంచి అది కిరాణా అంగడి. అప్పట్లో బెల్లం పక్కనే మయిలుతుత్తం, ఉప్పుగోనె వెనకాల ఎలుకల పాషాణం. ఎవరికీ అది తప్పనిపించలేదు. ఆ కాలంలో విషానికి మర్యాద తక్కువ, చిటికెల లెక్కన అమ్ముడుపోయేది. తర్వాత చట్టమొచ్చింది. డెబ్బై మూడులో లైసెన్సుకని అనంతపురం పోయిన శేషయ్యకు ఆఫీసులో ఎవరో రూళ్ళన్నీ చదివి వినిపించినారు. తిండి సరుకూ విషమూ ఒక కప్పు కింద ఉండకూడదు. సీలు విప్పి విడిగా పోసి అమ్మకూడదు. బిల్లు లేకుండా ఇవ్వకూడదు. గడువు దాటింది బయటపెట్టకూడదు. కారిన డబ్బా, పగిలిన డబ్బా ఉంటే చితగ్గొట్టి, ఊరికి దూరంగా గుంత తీసి పూడ్చి, ఆ సంగతి రిజిస్టరులో రాయాల.

శేషయ్య ఇంటికొచ్చి కిరాణా మూసేసినాడు. పప్పులూ బెల్లమూ బావమరిదికి ఇచ్చేసి, అరలు సోడా వేసి కడిగించినాడు. భార్య కన్యకమ్మ మూడు దినాలు మాట్లాడలేదు. నాలుగో దినం మాత్రం, నలుగురికి కడుపు నింపిన చేత్తో ఇంక విషం కొలుస్తావా అనింది. కొలిచేదేముంది, అంతా సీలు వేసే వస్తుందన్నాడాయన. పాలసముద్రంలో పుట్టిన విషాన్ని దాచుకునేదానికి శివుడికి గొంతు ఉండాది, నాకు తాళమేసే బీరువా ఉండాది అని నవ్వినాడు.

రైతులు ఖాళీ సీసాలు తెచ్చి, అరసీసా పొయ్యి శెట్టీ అని బతిమాలేవాళ్ళు. పోసేవాడు కాదు. చారెడు మందుకు కూడా సర్కారును అడగల్నా అని తిట్టేవాళ్ళు. అయినా పోసేవాడు కాదు. ‘రూళ్ళ శెట్టి’ అని పేరు పెట్టినారు. ఆ పేరు వింటే ఆయన మీసం కొంచెం పైకి లేచేది. కోమటికి పిసినారి అనే పేరు పుట్టుకతో వస్తుంది; ఇది తను సంపాదించుకున్న పేరు.

ఒక్కటే ఆయనను లోపల కొరికేది. కొసరు. ఈ సీమలో కొసరు లేని బేరం బేరమే కాదు. శేరు పుట్నాలు కొంటే పిడికెడు పైన, కూరగాయలకు కరివేపాకు రెబ్బ, తమలపాకుల కట్టకు ఇంకో రెండాకులు. దాని విలువ చూసి కాదు, అది ముట్టితేగానీ కొన్నవాడి కాలు గడప దాటదు. సీలు వేసిన విషం మీద ఏం కొసరు ఇస్తావు? కంపెనీ క్యాలెండర్లు ఉన్నన్నాళ్ళు క్యాలెండరు ఇచ్చినాడు. అవి అయిపోయినాక రైతు నిలబడేవాడు, శేషయ్య తల వంచుకునేవాడు. తాత కూర్చున్న పీట మీద కూర్చుని ఉత్తచేతులు చూపించడం ఆయనకు సిగ్గుగా ఉండేది.

ఎనభైలో వాన ఆలస్యంగా పడింది. పడిన నాలుగు చినుకులకు శెనక్కాయ మొలిచింది, మొలిచిన దాని మీదికి ఎర్రగొంగళి పురుగు దిగింది. లారీలో వచ్చిన ఎండ్రిన్ మందు డబ్బాల్లో ఒకటి మూతి దగ్గర చిట్లి, బోర్లా పడి, దావలోనే అంతా కారిపోయి ఖాళీగా వచ్చింది. ఐదు లీటర్ల రేకుడబ్బా. శేషయ్య రూలు ప్రకారం రిజిస్టరులో రాసినాడు: చితగ్గొట్టి పూడ్చినాము. సాయంత్రం ఎట్లాగూ పూడ్చేదే కదా అని ముందే రాసినాడు.

సుత్తి ఎత్తినాడు గానీ చెయ్యి రాలేదు. కరువు దేశంలో రేకుడబ్బాకు చావుండదు. నీళ్ళు మోస్తుంది, ఓటిపోతే గింజలు దాస్తుంది, తుప్పు పడితే కోళ్ళగూటికి తలుపవుతుంది. దాన్ని బాగుండగానే పాతిపెట్టడమంటే ప్రాణముండగా పాడె కట్టినట్టే. చింతపండు వేసి తోమినాడు, పైన రంగూ రాతా లేచిపోయేదాకా. సోడా వేసి మరగబెట్టిన నీళ్ళు పోసి మూడుసార్లు కడిగినాడు. రెండు దినాలు ఎండబెట్టి మూతి దగ్గర ముక్కు పెట్టి పీల్చినాడు. ఆ ముక్కు సామాన్యమైంది కాదు. నువ్వులనూనెలో కల్తీ ఉంటే పీపా మూత తీయకముందే పసిగట్టే వంశం వాళ్ళది. వాసన లేదు. వాసన లేకపోతే ఇంకేమీ లేదని మూడు తరాల కిరాణా ఆయనకు నేర్పిన చదువు.

ఆ వారమే గంగాధరప్ప వచ్చినాడు. కిరాణా నాటి నుంచి ఇరవయ్యేండ్ల గిరాకీ. రెండు డబ్బాల మందు కొన్నాడు, బిల్లు మడిచి తలగుడ్డలో పెట్టుకున్నాడు, కదల్లేదు.

"ఏమి శెట్టీ, మీ నాయనైతే బెల్లంగడ్డన్నా చేతిలో పెట్టి పంపేవాడు."

"ఇది నాకితే పోతావప్పా."

"నాకేదానికి అడగలేదులే. ఆ మూలన డబ్బా ఉండాదే, అదియ్యి. మా ఆడది ఆంజినమ్మ మైలు దూరం నించి కుండ మోస్తాంది."

నీళ్ళకని గంగాధరప్పే చెప్పినాడు, శేషయ్య విననట్టు ఉండిపోయినాడు. డబ్బా తీసి ఇంకోసారి వాసన చూసి ఇచ్చినాడు. గంగాధరప్ప మొహం విచ్చుకుంది. ఏడేండ్ల తర్వాత తాత పీట మీద సరిగ్గా కూర్చున్నట్టు అనిపించింది శేషయ్యకు.

తొమ్మిదో దినం ఆంజినమ్మ చేన్లో కలుపు తీస్తా, ఎండలో పొద్దుటి నుంచి డబ్బాలో నిలవున్న నీళ్ళు కడుపునిండా తాగింది. ఫిట్సు వచ్చి పడిపోయింది. ధర్మవరం ఆస్పత్రికి బండి కట్టినారు, దావలోనే అయిపోయింది. రేకు అతుకుల సందుల్లో ఇంకిన మందుకు వాసనతో పనిలేదు.

మందులంగళ్ళు తనిఖీ చేసే ఇన్‌స్పెక్టరు వచ్చినాడు, డబ్బా పట్టుకుని. వెంట గంగాధరప్ప. ఇన్‌స్పెక్టరు ఒద్దికైన మనిషి. లైసెన్సు చూసినాడు, బిల్లు పుస్తకం చూసినాడు, సీళ్ళు లెక్కపెట్టినాడు, రిజిస్టరు తిరగేసినాడు. పగిలిన డబ్బా ఒకటి, పూడ్చినారు, సంతకం ఉంది. చేతిలో డబ్బా మీద అక్షరం లేదు. ఇది యాడిదప్పా అని గంగాధరప్పను అడిగినాడు.

గంగాధరప్ప శేషయ్య వైపు చూసినాడు. ఆ చూపులో కోపముంటే శేషయ్య తట్టుకునేవాడు. అడిగి తీసుకున్నది తానే. ఆ మాట బయటికొస్తే ఒకరి లైసెన్సు పోతుంది. ఇంకొకడు తన ఆడదానికి చావును చేత్తో మోసుకొచ్చినోడవుతాడు.

"దావలో దొరికింది సార్," అన్నాడు గంగాధరప్ప.

శేషయ్య నోరు తెరిచినాడు. అద్దం వెనక లైసెన్సు కనపడింది. నోరు మూసుకున్నాడు.

ఈ తాలూకాలో ఇంత పద్ధతిగా నడిచే అంగడి చూడలేదని రాసి ఇన్‌స్పెక్టరు సంతకం పెట్టి పోయినాడు.

ఇంట్లో కన్యకమ్మ అన్నం వడ్డిస్తా అడిగింది.

"చెప్తివా?"

"అన్నీ పుస్తకంలో ఉండాయి కదా."

"ఆంజినమ్మ యాడుంది దాంట్లో?"

ఆయన కంచం ముందు నుంచి లేచిపోయినాడు. ఆ తర్వాత ఆమె ఆ మాట ఎత్తలేదు. ఎత్తి ఉంటే బాగుండేదని ఆయనకు చాలాసార్లు అనిపించింది.

అప్పటి నుంచి శేషయ్య ఎవరికీ కొసరు ఇవ్వలేదు, మళ్ళీ వచ్చిన క్యాలెండర్లు కూడా కట్ట విప్పకుండా చెదలకు వదిలినాడు. పుట్టుకతో వచ్చే ఆ పిసినారి పేరు చివరికి ఆయనకూ వచ్చింది. పగిలిన డబ్బా వస్తే తానే సుత్తితో కొట్టేవాడు, రేకు చాపలాగా అయ్యేదాకా, అయినాక కూడా.

గంగాధరప్ప ఏటా పురుగు కాలంలో వస్తానే ఉన్నాడు. వేరే అంగడికి పోతే ఎందుకని నలుగురూ అడుగుతారు. మందు తీసుకుంటాడు, బిల్లు మడిచి తలగుడ్డలో పెట్టుకుంటాడు. అప్పుడు శేషయ్య చేతులు బల్ల మీద పెట్టుకుని ఎదురుచూస్తాడు, ఒక్కసారి కొసరు అడుగుతాడేమోనని. గంగాధరప్ప అడగడు. నిలబడడు కూడా. గడప దాటి పోతాడు.