మరియమాత గూటిలో ఎండ

2011 జనవరి 14, శుక్రవారం, ఉదయం పదకొండుంబావు. ఆకాశం నిర్మలం, గాలి మాత్రం ఎముకలు కొరుకుతోంది. మెక్సికో నగరపు పాతపేటలోని పదహారు వాటాల లోగిలికి శిల్పి రెనాతా పన్నెండు అద్దాలతో వచ్చి, అక్కడే ఒక వాటాలో ఉండే రేకుపనివాడు ఇలారియో సెపేదాను కలిసింది ఆనాడే. పక్కన ఆరంతస్తుల భవనం లేచిన నాటినుంచి ఆ లోగిలి నేల ఎండ మొగమెరుగదు. మూడు వారాలపాటు మేడమీది అద్దాలతో ఎండను కిందికి దింపడమే ఆమె తలపెట్టిన కళ.

ఇలారియోకు కళతో పనిలేదు. భార్య ఎతెల్వీనాతో పని. లోగిలివారి బాలయేసు బొమ్మకు ఏటా ఫిబ్రవరి రెండో తేదీ పండుగకు కొత్త అంగీ కుట్టేది ఆమె. ముప్ఫై ఒక్క ఏళ్లుగా మరొకరి సూది అందులో దూరలేదు. ఈ ఏడు చూపు మందగించి, దీపం కింద తెలుపూ లేతపసుపూ ఒకటే అయ్యాయి. మేడ ఎక్కుదామంటే మోకాళ్లు ఒప్పుకోవు.

"ఈసారికి రెడీమేడ్ కొనేద్దాం లెండి, దోన్యా ఎతెల్వీనా. ఈ వయసులో ఆ కళ్లకెందుకు శ్రమ?" అంది ఎదురువాటా ఒబ్దూలియా, పెద్దవాళ్లను దోన్, దోన్యా అని పిలిచే అక్కడి మర్యాదతో.

"కొందురుగానిలేమ్మా, నేను పోయాక."

వెలుగు ఎవరి గుమ్మంలో పడాలన్న దగ్గర పేచీ పుట్టింది. చివరకు ఆ పేట ధర్మమే తీర్పు చెప్పింది: ఏది వచ్చినా ముందు మరియమాతకు. అద్దాలన్నీ లోగిలి నడుమనున్న ఆమె గూటివైపు తిప్పారు.

"తల్లి వెనక రేకు మాసిపోయింది. మార్చి పెడతాను," అని మాత్రం అన్నాడు ఇలారియో.

రెండు రోజులు కూర్చుని కొత్త రేకు వంచి, మెరుగుపెట్టి బిగించాడు. గూటినుంచి తమ గుమ్మంలోని భార్య కుర్చీదాకా పురికొసతో ఎప్పుడు కొలిచాడో ఎవరూ చూడలేదు. మధ్యాహ్నం ఎండ గూటిని తాకింది. రేకుమీదినుంచి మళ్లి, తిన్నగా ఎతెల్వీనా ఒడిలో వాలింది.

"అమ్మమ్మమ్మ! దోన్ ఇలారియో, మరియమాత చేత కూడా పెళ్లానికి ఊడిగం చేయిస్తున్నారా?" అని ఒబ్దూలియా బుగ్గలు నొక్కుకుంది.

"నాదేముందమ్మా, అంతా తల్లి ఇష్టం. కుట్టేది ఆవిడ కొడుకు అంగీయే కదా!"

లోగిలి ఘొల్లుమంది. రెనాతా ఆ రేకు వంపును పుస్తకంలో గీసుకుంది. ఎతెల్వీనా తల ఎత్తలేదు.

"ముసలాయనా, కబుర్లు చాలించి పక్కకు జరుగు. నీ నీడ పడుతోంది."

రోజుకు నలభై నిమిషాలే ఆ వెలుగు. అంగీ ఫిబ్రవరి ఒకటిన పూర్తయింది. ఆరో తేదీన అద్దాలు విప్పుకుపోయారు. మరుసటి ఏటినుంచి ఒబ్దూలియా కుట్టింది. ఎతెల్వీనా వేళ్లతో తడిమి తప్పులు చెప్పేది. ఇలారియో 2014లోనూ, ఎతెల్వీనా 2017లోనూ కాలం చేశారు.