బిందె మీది బొట్టు

స్టీలుకు తుప్పు పట్టదని ఆబిడ్స్ దుకాణపాయన మా అత్తమ్మకు ఒట్టేసి చెప్పిండట. ఆయన ఒట్టు గంగల కలవ! రెండేండ్లు తిరగకముందే బిందెకు ఎర్రటి మచ్చలు లేచినయ్. లేచిన జాగ గూడ ఎసొంటిదో చూడుండ్రి, సరిగ్గ ఆమె పేరు చెక్కించిన కాడ.

అరవైల నడిమి ముచ్చట ఇది. నాంపల్లి స్టేషన్ వెనక రెండర్రల కిరాయి ఇంట్ల అత్తమ్మ, మా ఆయన, నేను. అప్పట్ల అందరు గిన్నెల మీద మొగని పేరో కొడుకు పేరో చెక్కించుకునేటోళ్లు. మా అత్తమ్మ మాత్రం దుకాణంల నిలవడి "నా పేరే కొట్టు" అన్నదట. రేషన్ కార్డు మీద, కరెంటు బిల్లు మీద, ఏ కాయితం మీద ఆమె పేరు లేదు. చదువు రాదు గాని, నీళ్లు ముంచుకున్నప్పుడల్ల ఆ అక్షరాల మీద వేలు తిప్పేది. మామయ్య పోయినంక పేరంటాలకు పిలుపులు బందైనయ్. ఆ బిందె ఒక్కటే ఆమె షోకు.

ఇప్పుడు ఆ పేరును తుప్పు తింటున్నది. "బీయస్సీ చదివినవ్ గదా, ఒక్క మచ్చ పోగొట్టలేవు, ఏం లాభం?" అని పొద్దుగాల లేస్తే నన్ను దెప్పుడే. నాకు మండింది. నేను ఊకెనే చదివిన్నా? దగ్గర్లనే ఒక చిన్న వార్నిష్ కార్ఖానల సరుకు పరీక్ష చేసే నౌకరి నాది. పేరు చెక్కే ఇనుప సూది స్టీలు మీదుండే సన్నటి పొరను పొడిచి, ఇనుప రజను అండ్ల వదుల్తది. తడి తగిలితే ఆడనే తుప్పు. మచ్చలు తీసి, మంచిగ ఆరబెట్టి, గాలి, నీళ్లు చొరకుండ పైన పల్చగ వార్నిష్ పూస్తే సరి. ఉల్లిపొర కన్న పల్చగ, కంటికి ఆనొద్దు.

అడిగితే అత్తమ్మ ఒప్పుకుంటదా? "తాగే నీళ్ల బిందెకు రంగు పూస్తవా!" అని ఇల్లు పీకి పందిరేస్తది. అందుకే ఒక శుక్రవారం ఆమె గుడికి పోంగనే నిమ్మచెక్కతోని మచ్చలు రుద్దిన, కడిగిన, తుడిచి ఎండల వెట్టిన. అది ఆరేలోపల గడపకు, పొయ్యికి బొట్లు వెట్టుకుంట పోయిన. అలవాటు పాడుగాను, బిందెకు గూడ సరిగ్గ పేరు మీదనే వెట్టిన! ఇంతల గేటు చప్పుడైంది. గాబరాల, కార్ఖాన కెళ్లి తెచ్చిన వార్నిష్ సీసల కుంచె ముంచి పేరు మీద గుంజిన. చూస్తే ఏమున్నది, ఎండిన కుంకుమ బొట్టు చెదరకుండ వార్నిష్ కింద ఇరుక్కున్నది.

తెల్లారి అత్తమ్మ బూడిదతోని తోమింది. బొట్టు పోలే. చింతపండు వెట్టి తోమింది. పోలే. పక్కింటోళ్లను పిల్చింది.

"అమ్మో, లక్ష్మి వచ్చి కూసున్నదమ్మా!" అన్నరు వాళ్లు.

సాయంత్రానికల్ల సుల్తాన్ బజార్ దాంక వార్త పోయింది. ఆమెను పేరంటాలకు పిలవని ఆడోళ్లే పూలు, పండ్లు వట్టుకొని వచ్చిన్రు. అత్తమ్మ బిందె పక్కన పీటేసుకొని కూసొని, ఎవరన్న గోకి చూడవోతే "జర దూరం, దూరం!" అని కసురుడు. నేను వంటింట్ల నోట్ల కొంగు కుక్కుకొని నవ్విన. నవ్వి నవ్వి భయమేసింది. నిజం బయటవడితే ఆ పీట మీదికెళ్లి ఆమెను లేపేది గూడ వీళ్లే.

ఆరు నెల్లకు పూత అంచు లేచింది. తెల్లారితే శుక్రవారం, మళ్ల ఆడోళ్లు వస్తరు. అత్తమ్మ నన్ను వంటింట్లకు పిల్చి తలుపు దగ్గరేసింది.

"నీ వార్నిష్ సీసా తే," అన్నది.

"ఎప్పటి సంది ఎరుక అత్తమ్మా?"

"గుడికెళ్లి వచ్చిన నాడే. రోజూ నీ చీరెలు ఉతుకుతున్న, నీ కార్ఖాన వాసన నాకెరుక లేదా? నా పేరు మీద మచ్చలు పోయినయ్ గదా అని ఊకున్న. పాతది గీకు."

గీకిన. కింద పేరు కొత్తగ మెరిసింది, ఒక్క మచ్చ లేదు. నేను కుంకుమ భరిణె అందుకోవోతే చేతి మీద ఒక్కటి సర్చింది.

"ఆగు. ఈసారి నేను వెడ్త."

మామయ్య పోయినప్పటి సంది కుంకుమ ముట్టని వేలుతోని, తన పేరు మీద నిదానంగ బొట్టు వెట్టుకున్నది. అది ఎండేదాంక ఇద్దరం ఊదినం. తర్వాత నేను కుంచె ముంచిన.