కారు కింది పలకలు

నా భార్య వాళ్ళ అన్న నాకు చేసిన అవమానాలు నేను ఒక్కటీ మరిచిపోలేదు. వాళ్ళ గృహప్రవేశానికి ఊరందరినీ ఇంటింటికీ వెళ్ళి పిలిచి, నాకు మాత్రం తన చెల్లెలి చేతే కబురు చెప్పించాడు. అయినా కారు సంగతి ముందు అవన్నీ చిన్నవి.

ఆ కారు మా నాన్నది. రెండు తలుపుల పాత అమెరికా కారు. నీలగిరి ఎస్టేటులో ఎవరో వాడి వదిలేస్తే, నాన్న కొని మేట్టుపాళయం మీదుగా కోయంబత్తూరుకు దించుకొచ్చారు. ఇంజను చాలా పెద్దది. ఆయన పోయాక చాలా ఏళ్ళు గోదాములో పడి ఉంది. దాన్ని బాగు చేయించి, నాన్న దిగిన కొండదారినే ఒక్కసారి ఎక్కాలని నా కోరిక. ఆ బావకు మా ఊళ్ళోనే గాంధీపురం వెనక కార్ల షెడ్డు ఉంది. చుట్టం ఉండగా బయటివాడికి ఇవ్వకూడదని అతనికే ఇచ్చాను.

పెద్ద ఇంజను పెట్టిన ఆ రకం కార్లకు, వెనక చక్రాల దగ్గర ఫ్రేముకు కంపెనీలోనే మందపాటి పలకలు అదనంగా అతికేవారు. ఇంజను లాగుడుకు ఫ్రేము మెలి తిరగకుండా. ఆ వెల్డింగ్ చూడ్డానికి బాగుండదు, హడావిడిగా గడ్డలు గడ్డలుగా ఉంటుంది. మా ఊళ్ళో పాత కారు కొనేవాడు ముందుగా మోకాళ్ళ మీద కూర్చుని, ఫ్రేము కింద చెయ్యి పెట్టి తడుముతాడు. అతుకు తగిలిందంటే గుద్దుకున్న బండి అని లేచి పోతాడు. అందుకే మా మెకానిక్కులకు అతుకు అంటే తలవంపు.

పని ముగించి కారు నాకు తిరిగి అప్పగించిన రోజు బావ షెడ్డులో అందరి ముందూ గర్వంగా అన్నాడు. వాళ్ళింటి అల్లుణ్ణని నన్ను అరవంలో మాపిళ్ళై అనే పిలుస్తాడు. "మాపిళ్ళై, కింద సెయ్యి పెట్టి సూడండి. ఎవడో తెలివిలేనోడు పలకలు అతికి పెట్టినాడు. అంతా కోసేసి, బాగా రాకించి, అద్దం మాదిరి సేసినాను."

"అవి కంపెనీ వేసినవి బావా."

"కంపెనీవాడు ఇంత అసింగంగా, గడ్డలు గడ్డలుగా వెల్డింగ్ పెడతాడా? మీరు యాడో ఫోన్లో సూసి సెప్తుండారు."

అందరూ నవ్వారు. నవ్విన వాళ్ళెవరో కూడా నాకు గుర్తుంది.

మళ్ళీ అతకమన్నాను. "నా సేత్తో అతుకు ఏసి, షెడ్డు పేరు సెడగొట్టుకోమంటారా? సరి, సూద్దాం" అన్నాడు. ఆ 'సూద్దాం' ఇప్పటికీ నడుస్తోంది. ఇంకో షెడ్డుకు తీసుకుపోతానంటే నా భార్య ఒప్పుకోలేదు. "అట్ల సేస్తే మా అన్న మొగాన ఉమ్మినట్టే" అంది.

పోనీ, పాత పలకలైనా ఇమ్మని బావను అడిగాను. అవి మా వంటింట్లోనే ఉన్నాయన్నాడు. పిండి రుబ్బేటప్పుడు గ్రైండరు ఊగి ఊగి గోడ దాకా నడిచిపోతోందని చెల్లెలు చెప్పుకుంటే, వాటినే ముక్కలు కోసి స్టాండు చేసిచ్చాడట. రోజూ ఇడ్లీ తింటూ నేను చూస్తున్న స్టాండే అది.

"అది తీసినారంటే పిండి మీరే రుబ్బండి" అంది నా భార్య.

అయినా ఒక ఆదివారం కారు తీశాను. మేట్టుపాళయం దాకా చదును రోడ్డు, బాగానే వచ్చింది. కొండ మొదటి మలుపులో కాస్త గట్టిగా నొక్కాను. వెనక నుంచి కిర్రుమని మూలుగు వినిపించింది. పక్కన ఆపి దిగాను. ఫ్రేము మెలి తిరిగినట్టుంది, ఆ తర్వాత తలుపు సరిగా మూసుకోలేదు. పైన మలుపులు తిరుగుతూ పోతున్న బస్సులను కాసేపు చూశాను. కోపం తెచ్చుకుందామన్నా ఓపిక లేదు. తలుపు ఒక చేత్తో పట్టుకుని, కారును మెల్లగా వెనక్కి తిప్పాను.

ఇంటికి వచ్చేసరికి బావ కూర్చుని కాఫీ తాగుతున్నాడు.

"ఏమి మాపిళ్ళై, కొండ ఎక్కినారా?"

నేను చెప్పులు విడిచి లోపలికి వచ్చాను. వంటింట్లో గ్రైండరు తిరుగుతోంది. నిండా పిండి ఉన్నా, ఉన్నచోటు నుంచి ఇసుమంత కూడా కదలడం లేదు.